మేకున వేలాడిన రొట్టె

పదకొండు సీసాలూ చచ్చిపోయాయి.

ఒక్క సీసా అయితే నా అజాగ్రత్త అనుకునేదాన్ని. రెండయితే చలి అనుకునేదాన్ని. పదకొండింట్లో ఒక్క ప్రాణీ కదలకపోతే ఏమనుకోవాలి? నిన్న సాయంత్రం ల్యాబులో కరెంటు పోయింది. చలికి తట్టుకోలేవని సీసాలను రెండు బుట్టల్లో సర్ది ఇంటికి మోసుకొచ్చాను. అతిథుల గదిలో, ఇనప పొయ్యి వెచ్చదనం తగిలే గోడ గూటి అంచున వరసగా పెట్టాను. పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అడుగున మాత్రం మిరియాల పొడి చల్లినట్టు నా కందిరీగలు రాలి ఉన్నాయి.

"పొయ్యి వేడి ఎక్కువై ఉంటుందే," అంది మా అత్తయ్య ఓయ్‌జమోల్, గుమ్మంలోంచే. లోపలికి రాలేదు.

"వేడికి చావవు అత్తయ్యా. వేడి కోసమే కదా ఇక్కడికి తెచ్చింది."

"అయితే చలి."

"చలికి ముడుచుకుని పడుకుంటాయి. సీసాని అరచేతుల్లో పట్టుకుంటే లేస్తాయి. పొద్దున్నుంచీ పట్టుకునే ఉన్నాను, ఒక్కటీ లేవలేదు."

"అబ్బబ్బ! మనుషులు పోయినా ఇంత ఇదైపోరే తల్లీ. ఈగలకి కూడా దినాలు చెయ్యమంటావా ఏంటి?"

ఇంకో రోజైతే నవ్వేదాన్ని. మా అత్తయ్య నోరే అంత. నేను ల్యాబులో చేరినప్పటినుంచీ నాకు ఈగల డాక్టరమ్మ అని పేరు పెట్టింది. పత్తికాయ తొలిచే పురుగు గుడ్డు పెడితే, ఆ గుడ్డులోనే తన గుడ్డు పెట్టి దాన్ని పుట్టకుండా చేసే చిట్టి కందిరీగలు ఉంటాయి. వాటిని పెంచి పొలాల్లో వదలడం నా పని. మందు కొట్టకుండా పత్తి పండాలంటే అదే దారి. "పురుగుని చంపడానికి ఈగకి ఉద్యోగం, ఈగని మేపడానికి మా కోడలికి ఉద్యోగం, విన్నారా!" అని ఆవిడ ప్రతి పెళ్ళిలోనూ చెప్పి ఆడవాళ్ళందరినీ నవ్విస్తుంది.

ఈ రోజు నాకు నవ్వు రాలేదు. చలికాలమంతా ఆ గదిలోనే నా ఐదేళ్ళ కూతురు నొజనీన్ వాళ్ళ నానమ్మ పక్కన పడుకుంది.

"వీటి మీద ఏదో మందు పడింది," అన్నాను.

బయట వాన చినుకులు తందూరు మీది రేకు మూత మీద టపటపా పడుతున్నాయి.

"నా గదిలో మందేంటే? ఈ గది ఎంత శుభ్రమో ఊరంతా చెప్పుకుంటారు. రెండేళ్ళయింది, ఒక ఈగ వాలిందా? ఒక చీమ పాకిందా? చెప్పు!"

నిజమే. ఈగ వాలలేదు. ఆ మాట విన్నాక గది నాలుగు మూలలూ ఒకసారి కలయజూశాను.

"అయినా ఈ రోజేనా నీ గొడవ?" గొంతు మార్చింది అత్తయ్య. "రెండేళ్ళ తరవాత నా బిడ్డ ఇంటికొస్తున్నాడు. పొద్దుగూకేలోపు గుమ్మంలో ఉంటాడు. పలావుకి క్యారెట్లు ఎవరు తరుగుతారు? నువ్వా, నీ ఈగలా?"

నా చిన్న మరిది సియోవుష్ గురించి ఆ మాట. సరిహద్దులో సైన్యం పని రెండేళ్ళు పూర్తి చేసి వస్తున్నాడు. వెళ్ళే రోజు పొద్దున అత్తయ్య కాల్చిన రొట్టె ఒక్క కాటు కొరికి వెళ్ళాడు. మిగిలిన రొట్టె ఆవిడ పూల కుట్టు సంచీలో పెట్టి అదే గదిలో మేకుకి తగిలించింది. తిరిగొచ్చాక వాడే తినాలి. అంతవరకూ దాన్ని ఇంకెవరూ ముట్టరు. ఏ ఇంట్లో చూసినా సైన్యానికి పోయినవాడి రొట్టె గోడ మీద ఉంటుంది. "వాడి నూకలు ఈ ఇంట్లో మిగిలున్నాయి, అవే వాణ్ణి చెవి పట్టుకుని ఈడ్చుకొస్తాయి" అని రోజూ పొద్దున్నే ఆ సంచీని కళ్ళకద్దుకునేది. ఆ ప్రేమను నేనెప్పుడూ వెక్కిరించలేదు. ఇప్పుడూ వెక్కిరించను.

మా ఆయన తోజిద్దీన్ తల తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. "ఏంటి మెహ్రాంగేజ్, మీ అరుపులు వీధి చివరిదాకా వినబడుతున్నాయి!"

సీసా ఆయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చచ్చాయా?"

"అన్నీ."

"చలికేమో."

"మీ అమ్మా అదే అన్నారు. ఇద్దరూ ఒకే బళ్ళో చదివారా?" అన్నాను. "నొజనీన్ వాళ్ళ నాన్నా, ఒక్క మాట అడుగుతాను. మన ఇంట్లో పాత పురుగుమందు పొడి లేదని కాగితం మీద సంతకం పెట్టావు కదా. ఇల్లంతా వెతికావా?"

"అమ్మని అడిగాను. లేదంది."

"వెతికావా అంటే అడిగాను అంటావేంటి?"

ఆయన మొహం ఎర్రబడింది. మా వీధికి ఆయనే పెద్ద. విషం తగిలిన ఊళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన సహాయ నిధి నుంచి మా వీధికి మంచినీళ్ళ గొట్టం, పెరళ్ళలో చెడిన మట్టి తీసేసి కొత్త మట్టి, మా ల్యాబుకి సొంత జనరేటరు వస్తాయని మూడేళ్ళుగా తిరుగుతున్నాడు. మా బావుల నీళ్ళు పరీక్షలో ఎన్నిసార్లు తప్పాయో చెప్పడానికి నాకే సిగ్గు. నిధి వాళ్ళది ఒకటే షరతు. ఊళ్ళో దాచుకున్న పాత పొడి మొత్తం బయటికి రావాలి. ఈ సాయంత్రం లోపు బడి దగ్గరికి తెచ్చి ఇచ్చినవాళ్ళని పల్లెత్తు మాట అనరు. రేపటినుంచి యంత్రాలు పెట్టి వెతుకుతారు. దొరికితే ఆ వీధి పేరు కొట్టేస్తారు. లేదు, లేదు, మా వీధిలో లేదు అని ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగుచేసింది మా ఆయనే. మొదటి సంతకం ఆయనదే.

వంటింట్లోకి వెళ్ళి పొద్దున కాల్చిన రొట్టె గుడ్డతో సహా తెచ్చాను. అత్తయ్య ముందు పరిచాను.

"దీని మీద చెయ్యి వేసి చెప్పండి అత్తయ్యా. మన ఇంట్లో పొడి లేదని."

"మెహ్రాంగేజ్!" అన్నాడు మా ఆయన.

తప్పే. కోడలు అత్త చేత రొట్టె మీద ఒట్టు వేయించుకోవడం మా వైపు ఎక్కడా లేదు. కానీ రొట్టె మీద అబద్ధం ఆడేవాళ్ళు కూడా మా వైపు లేరు. అందుకే తెచ్చాను.

అత్తయ్య చెయ్యి ఎత్తింది. రొట్టెకి జానెడు దూరంలో ఆ చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ వెనక్కి తీసుకుని గౌనుకి తుడుచుకుంది.

"చెయ్యి తడిగా ఉంది."

"తుడుచుకున్నారుగా."

ఆవిడ అక్కడే గోడకి ఆనుకుని కూలబడింది. మా ఆయన "అమ్మా" అన్నాడు. మళ్ళీ "అమ్మా" అన్నాడు, ఈసారి చిన్నపిల్లాడిలా.

"ఉంది!" ఒక్కసారి అరిచింది. "ఉంది, ఉంటే ఏంటట? మీ నాన్న తెచ్చి ఇచ్చిన పొడి అది. పొలాల మీద మందు చల్లే విమానాలు ఆగిపోయాక, ఆ మందు గోదాముకి కాపలా ఉన్నది ఎవరు? జీతం ఇచ్చారా ఆయనకి? పొడి ఇచ్చారు, అదే జీతమన్నారు. తిండి లేని ఏళ్ళలో జనం మిగిలిన మందు పూడ్చిన గోతులు తవ్వి పొడి తీసి సంతలో గ్లాసులతో కొలిచి అమ్మారు, అప్పుడు ఏ నిధివాడొచ్చాడు? నీ తల్లో పేలు పడితే ఏం రాశాననుకున్నావ్? గోధుమకి పురుగు పట్టకుండా ఏం కలిపాననుకున్నావ్? అందరం రాసుకున్నాం, అందరం తిన్నాం. చచ్చామా?"

"నాన్న చచ్చిపోయాడు," అన్నాడు మా ఆయన. "కాలేయం కుళ్ళి."

పొయ్యిలో పత్తి కట్టెలు చిటపటలాడాయి. అత్తయ్య కళ్ళు తుడుచుకోలేదు, అలా కారనిచ్చింది. మామగారు నాకూ తండ్రి లాంటివారు.

ఆవిడ లేచి కోళ్ళ గూడు వెనక్కి వెళ్ళి, గోనెపట్టా చుట్టిన పాలపొడి డబ్బా తెచ్చి గడప అవతలే పెట్టింది.

"తీసుకో. నా పరువు బజారులో పెట్టు."

మా ఆయన నాకంటే ముందు వంగాడు. "ఇటివ్వు. ఎవరికీ తెలియక్కర్లేదు. కాలవలో కలిపేస్తాను, పది నిమిషాల పని."

"ఏ కాలవ?"

"ఏ కాలవంటే..."

"మనం తాగే కాలవేనా? కింద వీధివాళ్ళు బిడ్డలకి స్నానాలు పోసే కాలవేనా? వీధి పెద్దవి, నీకిదేం బుద్ధి!"

"నేను సంతకం పెట్టానే!" అరిచాడు. "నువ్వు అది పట్టుకుని నడివీధిలో బడి దాకా పోతే నేనేం మొహం పెట్టుకుని తిరగాలి? ముప్పై ఇళ్ళవాళ్ళు నన్ను నమ్మి వేలిముద్రలేశారు."

"సాయంత్రం లోపు ఇస్తే ఏమీ అనరని నువ్వే కదా ఇంటింటికీ చెప్పావు. మనింటికి చెప్పలేదా?"

డబ్బా ఒక చివర నా చేతిలో, ఇంకో చివర ఆయన చేతిలో. కొంతసేపు అలాగే నిలబడ్డాం. తరవాత ఆయన వదిలేశాడు. వదిలేసి పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆ వీపు చూస్తే జాలేసింది, కానీ వెనక్కి పిలవలేదు.

"అత్తయ్యా, ఒక్కటి చెప్పండి. ఈ గదిలో ఎక్కడ వేశారు?"

"ఈ గదిలో వెయ్యలేదు."

"అత్తయ్యా..."

"నేలకి వెయ్యలేదు. గోడలకి వెయ్యలేదు. పరుపులకి వెయ్యలేదు. నా మనవరాలు పడుకునే చోట వేస్తానా? నేనేమన్నా రాక్షసినా?" అని ఈసారి అరచెయ్యి మొత్తం రొట్టె మీద ఆన్చింది. "ఇదిగో, ఒట్టు!"

నమ్మాను. రొట్టె మీద వేసిన ఒట్టు, నమ్మక ఏం చేస్తాను? నొజనీన్‌ని మాత్రం గదిలోంచి బయటికి తీసుకొచ్చి, వరండాలో కూర్చోబెట్టి, "నేనొచ్చేదాకా లోపలికి వెళ్ళకు బంగారం" అని చెప్పి బయల్దేరాను. ఎందుకైనా మంచిదని చచ్చిన సీసా ఒకటి సంచీలో వేసుకున్నాను.

బడి ఆవరణలో నీలం పీపాలు వరసగా పెట్టారు. వానకి పైన పట్టా కట్టారు. ముసలాళ్ళు చుట్టూ చేరి వేడుక చూస్తున్నారు. గోనె విప్పేసరికి ఒక్కొక్కరూ మాటలాపేశారు. "వీధి పెద్ద పెళ్ళాం కదూ?" అని ఎవరో అన్నారు. ఇంకెవరో, "నిన్న మా ఇంటికొచ్చి ఖురాను మీద చెయ్యేసినంత గట్టిగా చెప్పాడే ఆయన!" అన్నారు. చెవులు కాలిపోయాయి నాకు.

నిధి తరఫున వచ్చినావిడ పేరు ముయస్సర్. యాభై దాటిన మనిషి, నోటికి గుడ్డ, మోచేతుల దాకా తొడుగులు. మా ల్యాబుకి రెండుసార్లు వచ్చింది, నన్ను ఎరుగును.

"ఎవరిదమ్మా ఇది?"

"మాదే. మా ఇంటిది."

"తెచ్చావు, అది చాలు," అంది. చుట్టూ ఉన్నవాళ్ళకి వినబడేలా మళ్ళీ అంది. "తెచ్చినవాళ్ళ మీద మచ్చ లేదు. తేనివాళ్ళు ఇంటికెళ్ళి ఆలోచించుకోండి!" ముసలాళ్ళలో ఇద్దరు నెమ్మదిగా జారుకున్నారు.

డబ్బా మూత తీసి లోపలికి చూసింది. మీద అక్షరం ముక్క లేదు. తుప్పు తప్ప ఏమీ లేదు.

"ఇదేం పొడో మీవాళ్ళకి తెలుసా?"

"పేల మందంటారు."

"గోతుల్లోంచి తవ్వింది కదా. ఆ గోతుల్లో పది రకాలు కలిపి పూడ్చారు. పేరున్న విషమైతే ఆసుపత్రిలో విరుగుడన్నా వెతుకుతారు. పేరు లేనిదానికి ఎక్కడ వెతుకుతాం?" డబ్బా నా వైపు వంచింది. "ఇటు చూడు. పైన గట్టిపడిపోయింది, ఏళ్ళ నాటిది. ఈ మూల మాత్రం చెంచాతో గీకారు. ఈ గీత కొత్తది. వారం కూడా అయ్యుండదు."

గీత మీద వేలు పెట్టబోతే ఆవిడ నా చెయ్యి పక్కకి నెట్టింది.

"తీసింది ఎక్కడ వేశారో ప్రతి చోటూ రాయాలి మెహ్రాంగేజ్. అలా రాస్తేనే మావాళ్ళు వచ్చి శుభ్రం చేస్తారు. గోధుమ గాదె, కోళ్ళ గూడు, నారుమడి, ఏదైనా సరే. దాచితే నిధికి కాదు నష్టం, నీ బిడ్డకి."

సంచీలోంచి సీసా తీసి ఇచ్చాను. కరెంటు పోవడం, గది, గూడు, పొద్దున చావులు అన్నీ చెప్పాను. అత్తయ్య ఒట్టు కూడా చెప్పాను. ఆవిడ వింటూనే సీసా మూతి మీద కట్టిన పలచటి గుడ్డను వెలుగులోకి తిప్పి చూస్తోంది.

"ఇదేంటి తెల్లగా?"

"పిండి," అన్నాను. "పొద్దున చూశాను. తందూరు ఉన్న ఇల్లు, పిండి ఎక్కడ ఉండదు?"

ఆవిడ తొడుగు వేలితో ఆ తెలుపు మీద రాసి చూసింది. "పిండి కాదు ఇది. పక్కనుంచి రాలేదు, పైనుంచి రాలింది. గూటికి పైన ఏముంది?"

"ఏమీ లేదు. గోడ."

"గోడకి?"

"ఒక మేకు."

"మేకుకి?"

జవాబు చెప్పకుండానే పరిగెత్తాను. నా వెనకాల ముయస్సర్ ఏదో అరుస్తోంది. చెప్పు ఒకటి బురదలో ఊడిపోయింది. ఇంకా మధ్యాహ్నమే, వాడు సాయంత్రానికి కదా వచ్చేది, ఇంకా టైముంది, టైముంది అనుకుంటూనే పరిగెత్తాను.

మా వీధి మలుపులోనే దిష్టి తీసే హజోరిస్పంద్ గింజల పొగ వాసన కొట్టింది. ఆ పొగ ఊరికే వెయ్యరు, దూరం నుంచి ఎవరైనా తిరిగొస్తేనే వేస్తారు. గడప ముందు బురద కొట్టుకున్న సైన్యం బూట్లు ఒక జత, పక్కన నొజనీన్ చిన్న రబ్బరు చెప్పులు.

సియోవుష్ అతిథుల గదిలో పరుపు మీద కూర్చుని టీ గిన్నె చేత్తో పట్టుకుని ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు, నవ్వు మాత్రం అదే.

"వదినా! ఏంటి ఒంటి చెప్పుతో? పొద్దున్న బండి దొరికింది, ముందే వచ్చేశాను. అన్నయ్య పెరట్లో ముఖం ముడుచుకుని కూర్చున్నాడు, నువ్వు లేవు. నన్ను పలకరించింది అమ్మా, నొజనీనే!"

నేను గోడ వైపు చూశాను. మేకు బోసిగా ఉంది. పూల సంచీ తిరగేసి గుడ్డ మీద పడుంది.

"రొట్టె రాయైపోయింది వదినా. టీలో ముంచి ముంచి మింగాను. ఒకటే చేదు. రెండేళ్ళ ఎడబాటురా, చేదుగా కాక తియ్యగా ఉంటుందా అంది అమ్మ."

అత్తయ్య నవ్వుతూ నా మొహం చూసింది. చూసి నవ్వాపేసింది. నేను ఒక్క మాటా అడగలేదు. అయినా ఆవిడే మొదలుపెట్టింది.

"సంచీకే వేశాను," అంది. "వాడి రొట్టెకి పురుగు పట్టకూడదని. మొన్న వాడొస్తున్నాడని కబురొచ్చాక ఇంకో చిటికెడు. రొట్టెకి కాదే. సంచీకే. దులిపే ఇచ్చాను." ఆవిడ గొంతు ఒక్కో మాటకీ చిన్నదైపోతోంది. "దులిపే ఇచ్చాను కదా."

"ఏంటమ్మా? ఏం దులిపావు?" అన్నాడు సియోవుష్, గిన్నె కింద పెట్టి.

"సియోవుష్, లే," అన్నాను. "ముందు లే. అన్నయ్యని పిలు, బండి తియ్యమను. నొజనీన్ ఏది?"

నా గౌను అంచు ఎవరో లాగారు. నొజనీన్ నా వెనకాలే ఉంది, చేతులు వెనక్కి దాచుకుని. రహస్యం దాచుకున్నప్పుడు నిలబడినట్టు మునివేళ్ళ మీద నిలబడి ఉంది.

"ఇంటికొచ్చినవాళ్ళ రొట్టె అందరూ తలో ముక్క తినాలట అమ్మా, బాబాయి చెప్పాడు," అంది. "నాది నేను తినేశాను. నీది దాచాను."

పిడికిలి తెరిచి చూపించింది. చిన్న ముక్క. దాని చుట్టూ ఆ అరచెయ్యంతా పిండి అంటుకున్నట్టు తెల్లగా ఉంది.